లీలండ్ నూరో శిఖరం

మే 3, శనివారం. సాయంత్రం 6.40

ఒళ్లు మండిపోతోంది. అందుకే వరుసగా రాస్తున్నాను.

ఒకటి: హోల్గేట్ శిఖరయాత్రకు నాయకుణ్ణి నేను. రెండు: ఎక్కడున్నా సరే, పన్నెండు కాగానే వెనుదిరగాలని నిన్ననే అందరినీ ఒప్పించాను. మే నెల ఎండకు మధ్యాహ్నానికల్లా మంచు మెత్తబడుతుంది. మూడు: పన్నెండయ్యేసరికి మేము శిఖరానికి ఇంకా నాలుగు వందల అడుగుల కింద, పొగమంచులో ఉన్నాము. వెనుదిరగమన్నాను.

పెగ్గీ, ఆమె భర్త ఆగారు. లీలండ్ ఆగలేదు. అరవై ఏడేళ్ల మాజీ పోస్ట్‌మ్యాన్. మా పర్వతారోహణ క్లబ్ నూరు శిఖరాల జాబితాలో అతనికి ఇది నూరోది. "గంట కొట్టేశావా హెడ్మాస్టారూ? అయితే పిల్లల్ని ఇంటికి తీసుకుపో," అని మంచు గొడ్డలి ఊపుకుంటూ పైకి పోయాడు.

గంటా పది నిమిషాలు అతని కోసం నిలబడ్డాము. శిఖరం ఎక్కేశానంటూ తిరిగొచ్చాడు. దిగేటప్పుడు తొడల దాకా దిగబడ్డాము. మంచులో ఇరుక్కున్న పెగ్గీ బూటును చేతులతో తవ్వి తీశాను. లీలండ్ దారి పొడవునా ఈల వేస్తూనే ఉన్నాడు.

మే 4

క్షమాపణ రాలేదు.

మే 8, గురువారం

క్లబ్‌లో లీలండ్ చేత కేకు కోయించి, నూరు శిఖరాల బ్యాడ్జ్ తగిలించారు. "ఈయన ఆపకపోతే మేమూ ఎక్కేవాళ్లం కదా!" అన్నది పెగ్గీ. నేను ఎవరి బూటు తవ్వానో, ఆ పెగ్గీ!

నా మొండితనం మీద ఫిర్యాదు వచ్చిందట. నాయకుల జాబితాలో నన్ను ఉంచాలో తీసేయాలో మంగళవారం కమిటీ తేలుస్తుందని అధ్యక్షురాలు నాడీన్ చెప్పింది. పుస్తకాలు చూసి నేర్చుకున్నవాణ్ణి కనుక నాకు పట్టువిడుపులు తెలియవట. పదకొండేళ్లుగా నడిపిస్తున్నాను. ఒక్కరి కాలూ బెణకలేదు.

మే 11

లీలండ్ శిఖరం మీద తీసుకున్న ఫోటోను పెద్దది చేసి చూశాను. పటంతో మూడుసార్లు సరిపోల్చాను. హోల్గేట్ కొండకు పైన రెండు కొమ్ములు, అంటే రెండు కొనలు. అతని భుజం వెనుక, పొగమంచు చీలిన చోట, రెండోది కనబడుతోంది. అదే ఎత్తైనది. అతను ఎక్కింది పొట్టిది.

మే 13, మంగళవారం

కమిటీ ముందు ఫోటో, పటం పరిచాను. పొట్టిదాని నుంచి అసలు కొమ్ముకు ఇంకా అరగంట, ఆ మెత్తటి మంచులో. నేను ఆపకపోయినా ఎవరమూ దాన్ని అందుకునేవాళ్లం కాము. నన్ను ఉంచారు.

కమిటీ లీలండ్‌నూ పిలిపించింది. అతను కళ్లద్దాలు తుడుచుకుని ఫోటో మీదికి వంగి చూశాడు. "నా మొహం మండా! పొట్టిదాని మీద నిలబడి పళ్లికిలించానా?" అన్నాడు. బ్యాడ్జ్ తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

"ముందు ఆయనొక్కడికే చెప్పాల్సింది ఓరిన్," అన్నది నాడీన్ నాతో. నిజం చెప్పినా నేనే దోషినా?

మే 15

ఎల్లుండి మళ్లీ హోల్గేట్‌కు యాత్ర ప్రకటించాను. వచ్చేవాళ్లు పేర్లు రాయాల్సిన క్లబ్ గోడ మీది కాగితంలో ఒక్క పేరూ లేదు.

మే 16, శుక్రవారం

ఒక పేరు. లీలండ్ స్ట్రౌడ్. 'నాయకునికి తెలియవలసిన ఆరోగ్య సమస్యలు' అన్న గడిలో రాశాడు: "కోపం. దారిలో నీతో మాట్లాడను."

మాట్లాడమని ఎవరడిగారు? రేపు తెల్లవారుజామున నాలుగింటికల్లా అతని వాకిట్లో కారు ఆపుతాను.