దేవుని అర్రలో కంటి ఫోటో

తమ్ముడు బసవరాజ్‌ను ఆ శివుడు చల్లగా చూడాలి.

జహీరాబాద్ కంటి క్యాంపులో మీ యూనివర్సిటీ వాళ్లు తీసిన నా కంటి లోపలి ఫోటో చేరింది. వేల కళ్ల ఫోటోలు చూపించి నువ్వు నేర్పిన కంప్యూటరే, షుగర్‌తో నెత్తురు చిమ్మిన చోట్లను పట్టుకుందని రాశావు. డాక్టరు కూడా లేజర్ వైద్యం ఆలస్యమైతే చూపు పోతుందన్నాడని రాశావు. నాకు భయమేసింది. ఫోటోను దేవుని అర్రలో పెట్టి, భారం ఆయన మీద వేసి ఊరుకున్నాను.

నిన్న పక్కింటి దేవమ్మ వచ్చి ఆ ఎర్రటి గుండ్రటి బొమ్మకు బొట్టు పెట్టి మొక్కింది.

"సూర్యభగవానుడు మస్తుగున్నడక్కా. ఏ జాతరల తెచ్చినవ్?"

"దేవుడు కాదే, నా కన్ను."

"అయ్యో! గందుకేనా గిన్ని మచ్చలు? మరి దవాఖానకు పోక ఈడ ఊదుబత్తులెందుకు ముట్టిస్తున్నవ్?"

నాకు నవ్వొచ్చింది. ఆమె పోయాక ఫోటో ముందు చాలాసేపు కూర్చున్నాను. పొద్దువాలే ఆకాశంలా ఉంది. నరాలు సన్నటి వాగుల్లా పారుతున్నాయి. ఇంత అందమైన చోటు నాలో ఉందని ఇన్నేళ్లూ తెలియలేదు. కళ్లు మూసుకుంటే ఆ ఎరుపంతా ఎర్రమట్టి నేలై, దాని మీద చెప్పుల్లేకుండా నడుస్తున్నట్టే ఉంది. అక్కడక్కడ ఆ మచ్చలే చీకటి గుంటలై అడ్డొచ్చాయి. వాటిని అలాగే వదిలేయాలనిపించలేదు.

సోమవారం పూజ కాగానే మీ ఊరికి బస్సెక్కుతాను. లేజర్ వేసేటప్పుడు నా చెయ్యి పట్టుకో. పెద్దక్కకు ధైర్యమెక్కువ అనుకుని దూరంగా నిలబడకు. భయం పోలేదు, అయినా వస్తున్నాను.

నీ పెద్దక్క