ఫ్రిజ్జు వెనక వాసన

బుల్లీ,

వంటింట్లోకి మెల్లిగా రా, కడిగిన నేల ఇంకా పూర్తిగా ఆరలేదు. ఫ్రిజ్జు స్విచ్ వెయ్యకు, దాన్ని జరపకు. సాయంత్రం వచ్చి నేను చూసుకుంటాను. పాలు పక్కింటి పిన్నిగారి దగ్గర ఉన్నాయి.

నువ్వు చెప్పిందే నిజం. వారంగా నువ్వు వాసన, వాసన అంటుంటే, "కడుపుతో ఉన్నావు కదా, నీకలాగే అనిపిస్తుందిలే" అని కొట్టిపారేశాను. రోజంతా షెడ్డులో గ్రీజూ పెట్రోలూ పీల్చే ముక్కును నమ్ముకుని నీతో వాదించాను. నిన్న నువ్వు అన్నం వదిలేసి లేచిపోయావు. అది మనసులోంచి పోలేదు.

తెల్లారగానే లేచి సింకు, చెత్తబుట్ట, ఉల్లిపాయల బుట్ట అన్నీ వాసన చూశాను. ఏమీ దొరకలేదు. చివరికి ఫ్రిజ్జు ముందుకి లాగాను. వెనక నీళ్ళు పట్టే ట్రేలో ఎప్పుడో ఒలికిన పాలు విరిగి, బూజు పట్టి ఉన్నాయి. నా మొద్దు ముక్కే ఆ వాసనకి తట్టుకోలేకపోయింది. నువ్వు వారం రోజులు ఎలా భరించావో! మూడుసార్లు కడిగాను. ఇంకెప్పుడూ నీతో అలా అనను.

ఇంకో మాట. సగం కిటికీకి ఫ్రిజ్జే అడ్డంగా ఉండేది. ఇప్పుడు ఎండ తిన్నగా నేల మీదికి వచ్చి పడుతోంది. అక్కడ అప్పుడే ఆరిపోయింది. కొత్తగా దిగిన ఇల్లులా ఉంది. షెడ్డుకి ఆలస్యమవుతున్నా ఆ వెలుగులో కూర్చుండిపోయాను, ఏం ఆలోచించానో గుర్తులేదు. తొమ్మిది దాటితే ఎండ పక్కకి వెళ్ళిపోతుందేమో. ఈలోపే లేచి, మీరిద్దరూ కాసేపు అక్కడ కూర్చోండి.