సుగ్గికి పోని పిల్ల

ఎమ్మిగనూరు,
డిసెంబరు.

మా పుష్పక్కకు,

నీ శ్వేత ప్రేమతో రాస్తున్నాను. సిస్టర్ల కాన్వెంటులో నీకు ఫోను ఇవ్వరు కాబట్టి గానీ, లేకుంటే ఈ మాటలు ఇప్పుడే నీ గొంతు వింటూ చెప్పుకునేదాన్ని. అమ్మకు చెప్పలేను. చెబితే కోతలకు వలస పోయిన వెనకటి సుగ్గి రోజులన్నీ తవ్వుకుని కూర్చుంటుంది.

మా ఆదోని కాలేజీలో మూడో సంవత్సరం వాళ్ళం నలుగురైదుగురం కలిసి ఒక మ్యూజిక్ వీడియో తీయాలి. మా క్లాసులో విజయ్ అని గోనెగండ్ల వైపు అబ్బాయి, గుంటూరు దిక్కు మిరప కోతలకు సుగ్గి పోయే ఆడవాళ్ళ మీద పాట కట్టి తనే పాడాడు. పత్తి వ్యాపారి కొడుకు తరుణ్‌కు కెమెరా ఉంది. రీసెర్చ్ నాకు అప్పజెప్పారు. కెమెరా ముట్టుకోకముందే ఎవరి మీద తీస్తున్నారో తెలుసుకోండని మా సారు గట్టిగా చెప్పాడు.

ఇంతకుముందు వలసల మీద వచ్చిన వీడియోలన్నీ బస్సులో పోతూ వస్తూ చూశాను. అన్నింట్లో తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంది, పిల్ల లారీ వెనక పరిగెత్తుతుంది. నిన్ను అమ్మ లారీ ఎక్కించిన రోజు ఎవరూ పరిగెత్తలేదు కదక్కా. నువ్వు లారీలో నిద్రపోయావు. నేను ఇంట్లో ఉండి బడికి పోయాను. ఆ సంగతి ఏ వీడియోలోనూ లేదు. మాది వేరేగా తీయాలని అప్పుడే అనుకున్నాను.

విజయ్ వాళ్ళ ఊరికి పోయి హుసేనమ్మ అనే ఆమె ఇంట్లో కూర్చున్నాను. జొన్న రొట్టెలు ఎండబెట్టి మూటకడుతోంది. నన్ను చూడగానే, “ఏ ఆఫీసమ్మా?” అంది.

“ఆఫీసు కాదత్తా, కాలేజీ. సుగ్గి మీద పాట వీడియో తీస్తాండాము.”

“తీసుకో. ముందు పేరు రాసుకో. మా పిల్ల సరస్వతి, తొమ్మిదో తరగతి. పోయినేడు ఇట్లే ఒకామె వచ్చి రాసుకొని పోయింది. బళ్ళోనే హాస్టలు పెట్టి మేమొచ్చేదాకా పిల్లోల్లకు బువ్వ పెట్టినారు. ఈయేడు ఎవురూ రాలే. ఇప్పుడు నువ్వొచ్చినావు.”

నేను అందుకు రాలేదని మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఆమె నవ్వి, “సెప్పొద్దనింటార్లే పైవాళ్ళు” అంది. నా చేతిలో పెన్ను, మెడలో కాలేజీ కార్డు. నేనే అయినా నమ్మేదాన్ని కాదేమో.

సరస్వతికి తల్లితో పోవాలనే ఉంది. “ఆడ సాయంత్రమైతే అందరం ఒకతావ కూర్చుంటామక్కా. ఈడ మా అవ్వకు సెవుడు. ఎవురితో మాట్లాడేది?” అంది. నేను రాసుకున్నాను. రీసెర్చ్‌కు మంచి మాట దొరికిందనే అనుకున్నాను, దేవుడు క్షమించాలి.

పరుగు వద్దంటే తరుణ్ వినలేదు. పరుగు లేకుంటే పాట నిలవదన్నాడు. తన బండి వెనక సరస్వతిని పరిగెత్తించాడు. ఆ పిల్ల నవ్వుతూ పరిగెత్తింది. నవ్వొద్దని మళ్ళీ, మళ్ళీ. చివరికి అలసిపోయి నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటుంటే దగ్గరికి పోయి మొహం తీశాడు. కెమెరాలో ఏడ్చినట్టే వచ్చింది.

లారీ కదిలే రోజు హుసేనమ్మ ఎక్కింది, సరస్వతి ఎక్కలేదు. “నీ మాట మీద ఇడిసి పోతాండా” అంది నాతో. నేను ఏ మాటా ఇవ్వలేదక్కా. దిగమని, పిల్లను తీసుకుపొమ్మని అరిచాను. లారీ చప్పుడుకు వినపడలేదు. ఆ మధ్యాహ్నమే బడికి పోయి అడిగాను. ఈ ఏడు హాస్టలుకు ఉత్తర్వు రాలేదన్నారు. విజయ్, నేను తిరగని ఆఫీసు లేదు. అర్జీ తీసుకుంటారు, చూస్తామంటారు.

ఏం చేయమంటావు?

నీ చెల్లెలు,
శ్వేత


ఎమ్మిగనూరు,
ఫిబ్రవరి.

అక్కా,

నీ జవాబు అందింది. ఓపిక పట్టమన్నావు. పట్టాను. ఇంక ఓపికతో పని లేదు.

వీడియోను కాలేజీ హాల్లో వేశారు. సరస్వతి మొహం తెర నిండా రాగానే ముందు వరసలో మా క్లాసు పావని ఏడ్చింది. సారు నన్ను లేపి నిలబెట్టి, “రీసెర్చ్ అంటే ఇట్లుండాలి” అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ మొహం అలసట అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అప్పటికే ఆ పిల్ల చెవిటి ముసలమ్మతో ఒంటరిగా ఉంది. నేను వారం వారం పోయి చూసి వస్తున్నాను, అంతే.

ఆ తర్వాత కొద్ది రోజులకే హుసేనమ్మ గుంటూరు వైపు నుంచి ఫోన్ చేసింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు.

“హాస్టలు తెరవలేదంట గదమ్మా. వయసుకొచ్చిన పిల్ల, ఇంటి ముందర మగపిల్లోల్లు బండ్లు నిలుపుతాండారంట. నేను ఈడ, అది ఆడ. నాకు నిద్ర పడతాదా? మద్దికెరలో మా తమ్ముడు బజారి ఉండాడు. వానికి ఇస్తాండాము. నువ్వొచ్చి ఈడియో తీస్తావా? మంచి పాట పెట్టి తీయమ్మా. నువ్వంటే దానికి శానా ఇష్టం.”

“అత్తా, దానికి ఇంకా పద్నాలుగు.”

“నాకు పదమూడుకే అయింది. ఎవురు కాపలా ఉంటారు చెప్పు దానికి? నువ్వుంటావా?”

ఫోన్ పెట్టేసి పిల్లల హెల్ప్‌లైనుకు చెప్పాను. వాళ్ళు వచ్చారు. హుసేనమ్మను పిలిపించి, పెళ్ళి చేయనని రాయించుకున్నారు. పిల్లను హాస్టలులో చేర్చే మాట వచ్చే జూన్‌లో చూద్దామన్నారు. జీపు ఎక్కి వెళ్ళిపోయారు. హుసేనమ్మ కోతలు వదులుకుని వచ్చింది కదా, తిరిగి పోయే ముందే మద్దికెరలో ఇంటి లోపలే తాళి కట్టించేసింది.

తెలిసి అక్కడికి పోయాను. బజారి ముప్పై దాటిన మనిషి. గొర్రెలు మేపుకుంటాడు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. “అక్క ఏడిస్తే కాదనలేకపోతినమ్మా” అన్నాడు, తల వంచుకుని. తిట్టుకోవడానికి ఒక్క చెడ్డమనిషి దొరికినా బాగుండేదక్కా.

సరస్వతి వేరుశనగ కాయలు వలుస్తోంది. వీడియో చూపించమంది. నా ఫోన్ రెండు చేతులతో పట్టుకుని చూసింది. తన మొహం రాగానే, “ఏడిసినట్టుండానే నేను” అని నవ్వింది. తర్వాత అడిగింది, “మా బళ్ళో ఎవురన్నా చూసినారా అక్కా దీన్ని?” చూడలేదని చెప్పాను. మళ్ళీ కాయలు వలుచుకుంది.

నీకైతే దేవుని పిలుపు వచ్చింది. మిరప తోటల్లోంచి లేచి నువ్వు ఆయన వెంట పోయావు. ఆ పిల్లను ఎవరూ పిలవలేదు. దాని కోసం ప్రార్థన చేయి. నాకు చేతకావడం లేదు.

నీ చెల్లెలు,
శ్వేత


మార్చి.

చిట్టి చెల్లీ,

ఇక్కడ మా ఉత్తరాలు కాన్వెంటు పెద్ద మదర్ చదివి పోస్టు చేస్తారు. ఇది ఆమె చదవకూడదు. ఆసుపత్రికి పంపినప్పుడు బయటి పోస్టు డబ్బాలో వేస్తున్నాను.

నువ్వు బడికి పోవడం కోసం నేను సుగ్గికి పోయానని ఇన్నేళ్ళూ బాధపడ్డావు. అది నీ వల్ల కాదు. రెండో పిల్లను కూడా వెంట పెట్టుకుని చూసుకునే సత్తువ అమ్మకు ఉంటే నిన్ను కూడా తీసుకుపోయేది. ఆ బరువు దించుకో.

ఇంకొకటి నీకు తెలియదు. సుగ్గి మధ్యలోనే చదివి నేను పది పాసైన ఎండాకాలం అమ్మ నన్ను దుర్గప్ప మామకు ఇస్తానని మాట ఇచ్చేసింది. హుసేనమ్మ చెప్పిన కారణమే చెప్పింది, దాదాపు ఆ మాటలతోనే. నేను మన చర్చికి పోయి సిస్టరమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, నాకు ప్రభువు పిలుపు వినపడిందని చెప్పాను. ఏమీ వినపడలేదు శ్వేతా. ఆ మాట అంటే మామ కూడా నోరు మూసుకుంటాడని తెలుసు, అంతే. తర్వాతైనా వినపడుతుందని ఇన్నాళ్ళూ చూశాను. రోజూ తెల్లవారుతూనే లేచి మోకరిస్తాను. సరస్వతి పేరు చెబుతున్నాను. అవతల ఎవరైనా ఉన్నారో లేదో నీకు అబద్ధం చెప్పలేను.

మే నెలలో నేను మాటపట్టు తీసుకోవాలి, సిస్టరుగానే ఉంటానని దేవుని ముందు ప్రమాణం. తీసుకుంటాను. ఇక్కడ అన్నం ఉంది, తలుపుకు గడియ ఉంది. తిరిగి వస్తే ఏ ఇంటికి రావాలి?

ఆ రోజు అమ్మను పిలుచుకుని రా. కొత్త చీర కట్టించు. నా బిడ్డను దేవుడు పేరు పెట్టి పిలిచినాడని ఆమె అందరికీ చెప్పుకుంటుంది. నువ్వు పక్కనే నిలబడి తల ఊపు.

నీ అక్క,
పుష్ప