చల్లని ఇంజను చప్పుడు

నా అమ్మడికి నాన్న దీవెనలు.

ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమంగా ఉన్నాం. అక్కడ మీరు ముగ్గురూ క్షేమమని తలుస్తాను అని రాసి, కొట్టేశాను. నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి నాకు మొహం చెల్లలేదు. ఒకే ఇంట్లో ఉంటూ నువ్వూ మీ ఆయనా చిన్నదాని చేత కబుర్లు మోయిస్తున్నారంటే అది క్షేమం ఎలా అవుతుంది? "అమ్మా, నాన్నకి తువ్వాలు కావాలట, నువ్వు వినకపోతే నేను మళ్ళీ చెప్పాలా?" అని అది అడిగిందని రాశావు. అది చదివి మీ అమ్మ నవ్వింది, వెంటనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నువ్వు నేర్పిన కసరత్తులు చేశాక మీ అమ్మ మోకాలు కాస్త నయం. ఇదివరకు మెట్లెక్కుతూ మెట్లని తిట్టేది, ఇప్పుడు నన్ను తిడుతోంది, కాబట్టి ఓపిక వచ్చిందనే లెక్క. షెడ్డు కప్పు బాగు చేయించాను. ఇప్పుడు వానొస్తే బండ్లు తడవడం లేదు, చూరు కింద కూర్చునే నేనే తడుస్తున్నాను. చిన్నది వేసి పంపిన బొమ్మ పనిముట్ల బల్ల పైన గోడకి అంటించాను. అందులో నేను కారు కన్నా పొడుగ్గా ఉన్నాను. చూసినవాళ్ళందరికీ నా మనవరాలు వేసిందని చెప్పుకుంటున్నాను.

ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి అమ్మకి ఇచ్చేస్తావేం నాన్నా, నా మీద కోపమా అని కూడా అడిగావు. కోపం కాదు. దానికి వేరే కారణం ఉంది, కొంచెం ఓపిక పట్టు, చెబుతాను.

ఇక అసలు సంగతి. మీ కారు ఎందుకు చెడిందో నా చేత్తో రాసి పంపమన్నావు. ఆయిల్ మార్చడం వాయిదా వేసింది మీ ఆయనేననీ, తప్పు ఒప్పుకోవడం లేదనీ, నేను రాస్తే ఇంక కాదనలేడనీ రాశావు. ఒప్పుకోకపోతే నువ్వు పనిచేసే ఆసుపత్రి పక్కన చూసిన గదికి చిన్నదాన్ని తీసుకుని వెళ్ళిపోతానన్నావు. నా ఉత్తరం వచ్చాక ఖాయం చేస్తానని ఆ గది అద్దెకిచ్చే ఆమెకి చెప్పావట. ఆ వాక్యం చదివినప్పటి నుంచి నాకు తిండి సయించడం లేదు.

ఇంజను విప్పాను. ఏం చూశానో నీకు అర్థమయ్యేలా చెబుతాను. ఇంజను కింద ఒక ఇరుసు ఉంటుంది, పిస్టన్లు దాన్ని తిప్పుతాయి. పైన ఇంకో ఇరుసు ఉంటుంది, అది గాలిని లోపలికీ పొగని బయటికీ వదిలే వాల్వులను తెరిచి మూస్తుంది. కిందదీ పైదీ అడుగులో అడుగు వేసి తిరగాలి. ఆ రెండింటినీ కలిపి ఉంచేదే టైమింగ్ చైను. మామూలుగా అయితే ఇంజను బతికినంత కాలం అదీ బతుకుతుంది. అది వదులు కాకుండా ఒక పక్క నుంచి నొక్కి పట్టే చిన్న భాగం ఒకటుంది, టెన్షనర్ అంటాం. ఆయిల్ ఒత్తిడే దానికి బలం. నీ బండిలో ఆ టెన్షనర్ వయసు రాకుండానే బిగుసుకుపోయింది. బండి రాత్రంతా నిలిచి ఉంటే, పొద్దున స్టార్ట్ చేయగానే చైను వదులుగా కొట్టుకుంటుంది. ఆయిల్ పైకెక్కగానే ఆ చప్పుడు ఆగిపోతుంది. అలా రోజూ కొట్టుకుని పక్కనున్న ప్లాస్టిక్ పట్టీ విరిగింది, చివరికి చైను తెగింది. పైన వాల్వులు తెరుచుకుని ఉండగానే కింద నుంచి పిస్టన్లు వచ్చి గుద్దేశాయి. వాల్వులన్నీ వంగిపోయాయి.

ఆయిల్ సంగతి కూడా రాస్తున్నాను. ఆయిల్ శుభ్రంగా ఉంది. ఫిల్టరు కొత్తది. ఆయిల్ మార్చక చెడిన ఇంజను లోపల నల్లటి జిగురు పేరుకుని ఉంటుంది, అలాంటివి బోలెడు చూశాను. నీ బండిలో వేలు పెట్టి తీస్తే తేనె రంగు వచ్చింది. మీ ఆయన ఒకసారి కొన్నాళ్ళు ఆలస్యం చేసిన మాట నిజమే, ఆ మాత్రానికి చైను తెగదు. ఆ భాగంలోనే లోపం ఉంది. ఇందులో అతని తప్పు ఆవగింజంత కూడా లేదు.

ఇక్కడితో సంతకం పెట్టేయవచ్చు. పెట్టేద్దామనే అనిపించింది. అయితే టెన్షనర్ చెడటం ఎవరి తప్పూ కాకపోయినా, చప్పుడు బయటపడ్డ రోజునే దాన్ని మార్చి ఉంటే ఇంజను దక్కేది. అది మార్చకుండా ఆపినవాడు ఒకడున్నాడు.

మొన్నామధ్య మీరు వచ్చినప్పుడు అల్లుడు నన్ను పక్కకి తీసుకెళ్ళి, "మామయ్యా, పొద్దున్నే స్టార్ట్ చేయగానే గలగలమంటోంది, డబ్బాలో మేకులేసి ఊపినట్టు. వేడెక్కితే ఆగిపోతోంది. రాత్రికి ఇక్కడే ఉంచి పొద్దున మీరే వినండి" అన్నాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు కూడా అంత సరిగ్గా చెప్పరు.

మర్నాడు నువ్వు సీట్లో కూర్చుని తాళం తిప్పావు. నేను పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకున్నాను. చెవి మేస్త్రి అని నాకు పేరొచ్చింది అలా వినడం వల్లే. బండి సందు మలుపులో ఉండగానే దాని జబ్బేమిటో చెప్పేస్తానని జనం నన్ను చూపించి చెప్పుకునేవారు. ఆ పొద్దున అవసరమైనదానికన్నా ఎక్కువసేపు కళ్ళు మూసుకుని ఉన్నాను. నాకు వినిపించింది బొంగురుగా తిరుగుతున్న ఇంజను ఒక్కటే. కళ్ళు తెరిచి, "పట్టులా మెత్తగా తిరుగుతోంది" అన్నాను.

"నాకూ వినపడింది నాన్నా, ఇప్పుడే!" అన్నావు నువ్వు.

"లోపలెక్కడో డాష్‌బోర్డు వదులైందిలే, అంతే" అన్నాను.

"పోనీ వేరే షెడ్డులో ఒకసారి చూపిద్దామా?" అన్నాడు మీ ఆయన.

నేను పెద్దగా నవ్వి, "బాబూ, బట్టల మిల్లు మోతకి అరిగిపోయిన చెవులు నీవి. వాటితో ఇంజన్లు వినకు" అన్నాను. షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నువ్వు కూడా, "మా నాన్న చెవి కన్నా నీ చెవి గొప్పదా?" అని అతన్ని కసిరావు. అతను బోనెట్ మూసేశాడు.

అమ్మడూ, నాకు వినపడదు.

ఒక్కసారిగా పోలేదు. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి. గడియారం టిక్కుటిక్కు, పిట్టల అరుపులు, చెంచా కిందపడితే వచ్చే మోత. లారీ వస్తే తెలుస్తుంది, సుత్తి దెబ్బ తెలుస్తుంది, మగవాళ్ళ గొంతు దగ్గరగా ఉంటే తెలుస్తుంది. అందుకని అంతా బాగానే ఉందని నన్ను నేను నమ్మించుకున్నాను. ఇంజనుకి వచ్చే పెద్ద జబ్బులు పిడి పట్టుకున్న చేతికి కూడా వణుకులా అందుతాయి. వాటితో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. ఆ చైను గలగల మాత్రం చేతికి అందలేదు. ఫోన్‌లో నీ గొంతూ అంతే. నీది సన్నటి గొంతు తల్లీ. నువ్వు ఎంతసేపు మాట్లాడినా నాకు కిటికీలోంచి గాలి వీచినట్టే ఉంటుంది, అందులో మాటలుండవు. రెండుసార్లు ఊఁ కొట్టి అమ్మకి ఇచ్చేస్తాను.

వినపడటం లేదని ఆ పొద్దునే ఒక్క మాట అంటే ఏం పోయేది? పేరు పోయేది, అంతే. ఆ పేరు కోసం నిన్నూ చిన్నదాన్నీ ఆ బండిలో ఎక్కించి చెయ్యి ఊపి పంపాను. కొన్నాళ్ళకి వంతెన మీద బండి ఆగిపోయి, వెనక లారీ హారన్ కొడుతుంటే, నువ్వు చిన్నదాన్ని చంకనేసుకుని పక్కకి పరిగెత్తావని రాసిన వాక్యం నేను మళ్ళీ మళ్ళీ చదివాను. ఎవరో ముక్కూ మొహం తెలియని డ్రైవరు సమయానికి బ్రేకు వేశాడు. మిమ్మల్ని కాపాడింది అతను, నేను కాదు.

ఇంతటితో ఆగితే నేను ఒట్టి మొండివాణ్ణి మాత్రమే. ఆ తరవాత చేసింది ఇంకా నీచం.

ఇంజను విప్పిన రోజు మీ ఆయన వచ్చాడు. నీకు మిల్లులో పనుందని చెప్పి వచ్చాడట. బరువులు పట్టాడు, బోల్టులు అందించాడు. తరవాత నా ఎదురుగా నిలబడి, "ఆయిల్ ఎలా ఉంది మామయ్యా?" అని అడిగాడు.

"శుభ్రంగా ఉంది బాబూ."

"మరి ఏం పోయింది?"

"టెన్షనర్. నువ్వేం చెయ్యగలవు దానికి?"

అప్పుడే కాఫీ తెచ్చిన మీ అమ్మ గుమ్మంలో ఆగిపోయి, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, నా ముందుకు వచ్చి నిలబడింది. "ఏమిటండీ ఇది? అతను ఒట్టి నోరు కదుపుతున్నాడు, గొంతే రావడం లేదు. మీరేమో గడగడా జవాబులు చెప్పేస్తున్నారు!"

నాకు తల కొట్టేసినట్టయింది. చేతిలో స్పానరు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

అల్లుడు నవ్వలేదు. నిదానంగా, పెదాలు బాగా కదుపుతూ చెప్పాడు. మగ్గాల మోతలో ఎవరి గొంతూ ఎవరికీ అందదట, నోరు చూసే మాట్లాడుకుంటారట. "మా మిల్లులో పెద్దవాళ్ళందరూ ఇలాగే చూస్తారు మామయ్యా, కళ్ళలోకి కాదు, పెదాల వైపు. ఆ పొద్దునే నాకు అనుమానమొచ్చింది. అందరి ముందూ ఎలా అంటాను? ఇంటికెళ్ళాక వేరే షెడ్డుకి తీసుకెళ్దామన్నాను, తను ఒప్పుకోలేదు. ఎందుకో చెబితే మీ గుట్టు బయటపడుతుంది. నేనే గట్టిగా పట్టుబట్టాల్సింది" అన్నాడు.

అంటే నేను పదిమందిలో అతని చెవుల్ని ఎగతాళి చేసినప్పుడు, నా చెవుల సంగతి అతనికి తెలుసు. తెలిసీ బోనెట్ మూసి ఊరుకున్నాడు.

"దానికి అంతా చెప్పేస్తాను" అన్నాను.

"వద్దు మామయ్యా. నా మీద కోపం నాలుగు రోజులుంటుంది, పోతుంది. మీ మీద నమ్మకం పోతే తను తట్టుకోలేదు. ఆయిలే అనుకోనివ్వండి."

నేనేం చేశానో తెలుసా? సరేనన్నాను. గుండె మీంచి బరువు దిగిపోయినట్టుంటే ఆ కాఫీ తృప్తిగా తాగాను కూడా. ఇది రాయడానికి నాకు చాలా సిగ్గుగా ఉంది.

అతను చెప్పిన నాలుగు రోజుల్లో నీ కోపం పోలేదు. గది చూసుకున్నానని నీ ఉత్తరం వచ్చింది. అప్పుడైనా బుద్ధి రావాలా? రాలేదు. కాగితం తీసి, "ఆయిల్ సకాలంలో మార్చకపోవడం వల్ల" అని మొదలుపెట్టాను. అక్షరాలు గుండ్రంగా చక్కగా వచ్చాయి. మీ అమ్మ నా భుజం మీంచి చదివింది. కాగితం లాక్కుని చించేసి, నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. "కూతురి కాపురం కూల్చుకుని మీ చెవులు కాపాడుకుంటారా?" అంది. ఆ మాట నాకు పెదాలు చూడకుండానే అర్థమయ్యేది.

తనకి ఎప్పుడో తెలుసట. "మొదట్లో నేనేమన్నా మీరు ఊరుకుంటుంటే ఈ వయసులో మంచివారయ్యారనుకున్నాను" అంది. నేను చెబుతానేమోనని ఇన్నాళ్ళూ ఎదురుచూసిందట.

నిన్న ఒక బండి వస్తే ఎదురు షెడ్డు మేస్త్రిని పిలిచి, నాకు వినపడదు, నువ్వు విను అన్నాను. వేళాకోళం అనుకుని చాలాసేపు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి వచ్చి విన్నాడు. నీ బండికి చైను, టెన్షనర్, వాల్వులు అన్నీ కొత్తవి వేస్తున్నాను. దాన్ని పొద్దున్నే చల్లగా ఉండగా అతను విని, సరే అంటేనే మీ ఇంటికి పంపుతాను.

నువ్వు ఈ ఉత్తరం మీ ఆయనకి చూపించడానికి అడిగావు. చూపించు, మీ అమ్మ చించిన కాగితం సంగతి తప్ప ఇందులో అతనికి తెలియనిది ఏదీ లేదు. ఆ గదామెకి మాత్రం రానని ఇవాళే చెప్పేయి. అతను చేయని తప్పుకి నువ్వు అతన్ని వదిలి వెళ్ళకు. నీకు వినపడింది నిజమే తల్లీ, నీ చెవినే నువ్వు అనుమానించుకునేలా చేసింది నేను. ఆ కోపమంతా తీసుకొచ్చి నా మీద పెట్టు.

అతనికి క్షమాపణ ఉత్తరంలో చెబితే సరిపోదు. ఈ ఆదివారం నేనే వస్తున్నాను. నీ కోపం నాకు తెలుసు, అది నా పోలికే. నన్ను చూడడం ఇష్టం లేక నువ్వు తలుపు తీయకపోవచ్చు. నేను మాత్రం తలుపు కొడతాను. లోపలి నుంచి "వెళ్ళిపో నాన్నా" అని నువ్వు అరిచినా నాకు వినపడదు. మీ ముగ్గురిలో ఎవరో ఒకరు తీసేదాకా గుమ్మం ముందు నిలబడే ఉంటాను.

ఇట్లు,
నీ చేత అల్లుడిని తిట్టించిన
మీ నాన్న