పదకొండో రోజున ఇచ్చిన రిపోర్టు

జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారి సముఖమునకు,
కడియం నర్సరీలో అంట్లు కట్టు కూలి గెడ్డం యెహెజ్కేలు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా కుమార్తె క్రిస్టినా, వయసు నాలుగేళ్ళు, రక్తపరీక్ష గురించి ఆసుపత్రి రిజిస్టరులో వ్రాసిన ఒక వాక్యమును కొట్టివేయించుట గురించి.

1. ది. 08-08-2025న పాపకు జ్వరం మొదలైనది. 12న, అనగా అయిదో రోజున, ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ఆసుపత్రి పేరు జతపరచిన ఓపీ చీటీలో కలదు. కళ్ళు ఎర్రబడినవి, పుసి లేదు. పెదవులు పగిలినవి. ఒంటి మీద దద్దుర్లు. చేతులు వాచి గాజులు తీయ వీలుకాలేదు. డాక్టరు గారు రక్తం తీయించి, "రిపోర్టు వచ్చాక పట్రండి, చూసి చెప్తాను" అన్నారు.

2. 13న వెళ్ళాను. రేపు రమ్మన్నారు. 14న మరల వెళ్ళాను. ల్యాబులో అతను, "రెడీగానే ఉందండి. సంతకం పెట్టే మేడం గారు సెలవులో ఉన్నారు. సంతకం లేకుండా ఇవ్వకూడదండి" అన్నాడు. అందులో ఏముందో నోటితోనైనా చెప్పమన్నాను. "లివర్ ఎంజైములు కొంచెం ఎక్కువున్నాయంతే. కంగారేం లేదండి" అన్నాడు. నేను కంగారుపడలేదు. అప్పటికి ఓపీ అయిపోయినది. 15, 16 సెలవులు. 17 ఆదివారం.

3. 18న సంతకమైన రిపోర్టు ఇచ్చారు. డాక్టరు గారు దానిని చూసి, పాపను చూసి, కుర్చీలోంచి లేచి స్వయముగా కాకినాడకు అంబులెన్సు పిలిపించారు. అప్పటికి జ్వరం పదకొండో రోజు.

4. ఇది పిల్లలకు వచ్చు రక్తనాళాల వాపు అని, కవసాకి అంటారని కాకినాడలో పిల్లల డాక్టరు ఆశాజ్యోతి గారు చెప్పారు. గుండెకు రక్తం ఇచ్చు నాళం ఒకచోట బుడగలా ఉబ్బినది. "ఎంజైములొక్కటే చూసి ఈ జబ్బని చెప్పలేమండి. కానీ అయిదు రోజుల జ్వరం, ఆ కళ్ళు, ఆ పెదాలు, వాటికి తోడు ఈ అంకెలు చూస్తే అనుమానం రావాలి. పది రోజుల్లోపు మందు ఎక్కిస్తే చాలామందికి ఈ ఉబ్బు రాదండి" అన్నారు. మందు ఎక్కించారు. జ్వరం తగ్గినది. ఉబ్బు ఉన్నది. పాప రోజూ మాత్ర వేసుకుంటున్నది. పరిగెత్తనివ్వవద్దన్నారు. పరిగెత్తకు అంటే ఆగుతున్నది. ఇంతకు ముందు ఆగేది కాదు.

5. ఆలస్యం ఎందుకైనదని ఆసుపత్రికి వ్రాయగా రిజిస్టరు నకలు పంపించారు. అందులో "రిపోర్టు 12వ తేదీననే సిద్ధము. రోగి తరఫువారు వచ్చి తీసుకొనలేదు" అని ఉన్నది. ఆ కాగితమును మొదట చదివినది నా భార్య దేవకుమారి. "మీరు వెళ్ళానన్నారు కదండీ?" అని అడిగినది. వెళ్ళానన్నాను. సరే అన్నది. మరల అడగలేదు. అన్నం పెడుతున్నది. చర్చికి కలిసే వెళ్ళుచున్నాము. 14న నేను ఆసుపత్రికి వచ్చుట అక్కడి వాచ్‌మన్ వీరాస్వామి గారు చూశారు. ఎక్కడైనా చెప్తానన్నారు.

ఎవరినీ ఉద్యోగం నుండి తీసివేయమని నేను కోరుట లేదు. ఆ వాక్యమును కొట్టివేయించి, నేను రెండు పర్యాయములు వచ్చినట్లు వ్రాయించవలెను. జ్వరంతో ఉన్న పిల్లల రిపోర్టులో అంకెలు ఎక్కువగా ఉన్నచో, సంతకం కోసం ఆగక ఆ రోజే డాక్టరుకు చెప్పునట్లు ఉత్తర్వు ఇప్పించవలెను. ఇందువలన మా పాపకు ఒరుగునది లేదు. అయినను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గెడ్డం యెహెజ్కేలు

తా.క.: 14న ఇంటికెళ్ళి, రిపోర్టు ఇంకా రాలేదని మా ఆవిడతో చెప్పానండి. రెడీగా ఉండి కూడా ఇవ్వలేదని చెబితే, వచ్చి గొడవపడి తెచ్చేది. తను అలాంటి మనిషే. నలుగురిలో బాగోదని నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే నోరు రావడం లేదు. తమరి జవాబు నా పేరున కాకుండా ఆవిడ పేరున పంపించండి. ఈ అర్జీ నకలు కూడా అందులో పెట్టించండి.