రెండు పాయల నరం

సోమవారం, మార్చి 9

అక్కకు,

చెల్లెలి నమస్కారాలు. అందరం క్షేమం అని మొదలుపెట్టాలి కదా! నా కుడిచెయ్యి తప్ప అందరం క్షేమమే. ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను. నాలుగు వాక్యాలకే వేళ్లు మొద్దుబారి పెన్ను జారిపోతోంది.

శుక్రవారం చొక్కాలకు కాజాలు కుడుతుంటే సూది ఎప్పుడు పడిపోయిందో తెలియలేదు. ఉత్త వేళ్లతో గుడ్డ పొడుస్తున్నాను! పక్క మిషన్ ఆవిడ పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. సాయంత్రమే వెళ్లి మణికట్టుకు స్కాన్ చేయించుకున్నాను.

స్కాన్ తీసే అమ్మాయి జెల్లు రాసి, తెర చూసి గతుక్కుమంది. మీ నరం రెండు పాయలుగా ఉందండీ, ఇలాంటిది ఒక్కసారే చూశాను, మాకు క్లాసులో చూపించారు అంది. ఫోన్‌లో ఆ క్లాసు బొమ్మ తీసి తెర పక్కన పెట్టింది. అదే చీలిక. పక్కన నీ చేతిరాతలో పద్నాలుగు అని అంకె, మూడేళ్ల కిందటి తేదీ. అది నరం కొలతట, పది దాటితే నలిగి ఉబ్బినట్టేనట. ఇప్పుడు ఇరవై రెండు.

గుర్తుందా అక్కా? నువ్వు నరాల స్కానింగ్ కొత్తగా నేర్చుకునేటప్పుడు ప్రతి ఆదివారం నా చెయ్యే కదా నీకు పలక! తిమ్మిరెక్కుతోందే అంటే, కుట్టుపని చేసేవాళ్లకు మామూలే, నిద్ర చాలక అన్నావు. కదలకుండా ఉంటుంది, బంగారం లాంటి చెయ్యి అని నువ్వు మెచ్చుకుంటే పొంగిపోయాను, పిచ్చిదాన్ని.

ఎల్లుండి ఆపరేషన్. నొప్పి తగ్గుతుందట. బొటనవేలి మొదట్లో కరిగిపోయిన కండ మాత్రం తిరిగి రావడం కష్టమన్నాడు డాక్టరు. ఇరవై ఏళ్లుగా చేసిన కాజాల పని ఇక నా వల్ల కాదు.

నీ తరఫున నేనే వాదించుకుంటున్నాను. అప్పట్లో నీకు తెలియలేదేమో, తర్వాత చెబుదామని మర్చిపోయావేమో. ఏదో ఒకటి రాయి. నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాను.

ఇంకా నీ చెల్లెలినే అనుకుంటూ,
చిన్నది

తా.క. సిద్ధంగా ఉన్నానన్నది అబద్ధం. ఆ అమ్మాయి నీ శిష్యురాలే. క్లాసులో ఆ బొమ్మ చూపించినప్పుడు, మరి ఈ పేషెంటుకు చెప్పారా మేడమ్ అని తనే నిన్ను అడిగిందట. చెప్పాను, ఆపరేషన్ వద్దని మొండికేసింది, ఏం చేస్తాం అన్నావట. ఆ మొండిదాన్ని నేనేనని చెప్పాను. పాపం, నా చేతి మీద జెల్లు తుడవడం కూడా మర్చిపోయింది.