బోల్టు కింది రంగు

సుయామె, కుమాసి
మార్చి 14, శుక్రవారం

బాదు అన్నకు,

తమ్ముడు అట్టా నమస్కారాలు. ఊళ్లో వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నా ఒళ్లు బాగానే ఉంది, మనసే బాగాలేదు.

నువ్వు జనాన్ని ఎక్కించుకుని తోలిన ట్రోట్రో వ్యాను కోలుకుంది. నిన్ను పనిలోంచి మాన్పించాక కూడా దాని రోగం పోలేదు. తాళం తిప్పితే ఇంజను మూలుగుతూ మెల్లగా తిరిగేది, అందుకునేది కాదు. స్టాండులో జనం దిగి తోసేవాళ్లు. "చార్జీ మాదే, తోపుడూ మాదేనా?" అని కొత్త డ్రైవరును ఆడిపోసుకునేవాళ్లు. నువ్వేమో కొత్త బ్యాటరీ అమ్ముకుని పాతది పెట్టావని యజమానురాలు దుఫీ అత్త ఊరంతా చాటింది కదా.

నిన్న ఎలక్ట్రీషియన్ అపియా వచ్చి చూశాడు. "బ్యాటరీ గుండ్రాయిలా ఉంది అత్తా, కరెంటే దారిలో చస్తోంది" అన్నాడు. సన్నటి కేబుళ్లు పీకేసి బొటనవేలంత లావువి వేశాడు. ఎర్త్ కేబుల్ బోల్టు విప్పితే దాని కింద, బండికి నేను వేసిన నీలం రంగు! రంగు మీద బిగిస్తే కరెంటు ఎట్లా పోతుందయ్యా అని నవ్వాడు. ఇనుము మెరిసేదాకా గీకి బిగించాడు, ఇంజను నుంచి చాసిస్‌కి ఇంకో ఎర్త్ కలిపాడు. తాళం తిప్పగానే బండి అందుకుంది.

నిన్ను దొంగన్నందుకు అత్త ముఖం మాడిపోయింది. అంతలోనే నావైపు తిరిగి, అక్కడ రంగెందుకు పూశావురా అని నిలదీసింది. ఆ తర్వాత నీ గురించి, "దొంగ కాకపోతే తెలివితక్కువోడు, నా బండి మళ్లీ ముట్టుకోనివ్వను" అంది. నచ్చజెప్పి చూస్తాను, దిగులు పడకు.

ఇట్లు,
నీ తమ్ముడు అట్టా

తా.క.: అన్నా, అత్త అడిగినప్పుడు, నువ్వే పూయమన్నావని చెప్పాను. నువ్వేమో ఆ బోల్టు చుట్టూ సుద్దతో గీత గీసి, ఇక్కడ మాత్రం వద్దురా అని మరీ మరీ చెప్పావు. అందం చెడుతుందని కేబుల్ విప్పి, రంగు పూసి, మళ్లీ బిగించింది నేనే. నీ నోటికాడ కూడు తీశాను. ఆమె ఎదుట నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే ఈ ఉత్తరం కవరు అంటించకుండా, నీకు పంపమని ఆమె చేతికే ఇస్తున్నాను. తెరిచి ఉన్న ఉత్తరం ఆమె చదవకుండా ఉండదు.

దుఫీ అత్తా, తప్పు నాది. బండి తాళం బాదు అన్నకిచ్చేయ్.